విశాఖ పూలతో, వేళ్లతో సహజ పరిమళం: ఇంట్లో అత్తరు తయారీకి సమగ్ర మార్గదర్శి

గులాబీ తైలం ఒక్క కిలో తీయాలంటే సుమారు నాలుగు వేల కిలోల రేకులు కావాలి. ఈ లెక్క మొదట చెప్పడానికి కారణం ఉంది. పరిమళ ద్రవ్యాలు చేయాలన్న ఆశతో చాలామంది ముందుగా చేసే పని, ఆవిరి పట్టి తైలం తీసే బట్టీ కొనడం. అరకిలో మల్లెలు వేసి, గంటసేపు మరిగించి, గిన్నెలో తైలం బొట్టు కోసం వెతుక్కుని నిరాశపడతారు. వంటింటి స్థాయిలో పువ్వు నుంచి అసలు తైలం విడదీయడం జరిగే పని కాదు. పువ్వు వాసనను నూనెకో కొవ్వుకో పట్టించడం మాత్రం చక్కగా జరుగుతుంది. మన పెద్దవాళ్లు తలనూనెకు చేసినదీ అదే.

కాబట్టి ఈ పద్ధతిలో పని రెండు పాయలుగా సాగుతుంది. మన దగ్గర తాజాగా దొరికే పూల వాసనను మనమే నూనెలోకి దించుకుంటాం. చందనం, వట్టివేరు, మిరియం వంటి వాటి తైలాలను నమ్మకమైన చోట కొంటాం. ఈ రెండింటినీ కలిపితే అత్తరు తయారవుతుంది. ఇందులో నేను గట్టిగా నమ్మే సూత్రం ఒక్కటే: పువ్వుకంటే ముందు పునాది చూసుకోవాలి. నిలబెట్టే వేరో కట్టో లేకపోతే విశాఖ ఉక్కపోతలో ఎంత మంచి మల్లె వాసనైనా అరగంటలో ఎగిరిపోతుంది.

ఆల్కహాలా, నూనెనా?

బజారులో దొరికే స్ప్రే సీసాల్లో ఉండేది ఇథైల్ ఆల్కహాల్. ఇంట్లో చేసేవారికి అది అంత సులువుగా అందదు. రెక్టిఫైడ్ స్పిరిట్ ఎక్సైజ్ నిబంధనల కిందకు వస్తుంది కనుక అనుమతి లేకుండా కొనడం, నిల్వ చేయడం కుదరదు. దానికి బదులుగా మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్టో, రంగుల దుకాణంలో దొరికే థిన్నరో వాడే ఆలోచన ఎంతమాత్రం పెట్టుకోవద్దు. వాటిలో కలిసి ఉండే పదార్థాలు చర్మానికి హాని చేస్తాయి, మిథనాల్ ఉంటే మరీ ప్రమాదం.

అదృష్టవశాత్తు మన వాతావరణానికి నూనె పద్ధతే బాగా నప్పుతుంది. తేమ గాలిలో, చెమట పట్టే చర్మం మీద ఆల్కహాల్ చటుక్కున ఆవిరైపోయి తనతోపాటు తేలిక వాసనలన్నింటినీ తీసుకుపోతుంది. నూనె నెమ్మదిగా వదులుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో తరతరాలుగా చేస్తున్న అత్తరు కూడా ఈ తీరుదే. అక్కడ డేగు అనే పెద్ద రాగి కాగులో పూలూ నీళ్లూ కాచి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా చందన తైలం ఉన్న కుండలోకి పంపుతారు. పువ్వు వాసనను చందనం పట్టుకుంటుంది. పునాది ముందు అన్న మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఏ నెలలో ఏమి దొరుకుతుంది

విశాఖలో ఈ పని పెట్టుకునేవారికి క్యాలెండర్ చాలా ముఖ్యం. మల్లెలు మార్చి నుంచి జూన్ దాకా బాగుంటాయి. సంపెంగలు, సన్నజాజులు వానలతో జోరందుకుంటాయి. సింహాచలం కొండ సంపెంగలకు ఉన్న పేరు ఈ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు. మొగలి రేకులు కూడా వానాకాలానివే. ఇక్కడి నుంచి ఉత్తరంగా తీరం వెంట ఒడిశాలోని గంజాం వరకు మొగలి పొదలు విరివిగా ఉంటాయి, దేశంలో మొగలి అత్తరుకు గంజామే కేంద్రం. వానలు వెనకబట్టే వేళకు పారిజాతాలు వస్తాయి. పొగడ పూలను మాత్రం మరిచిపోవద్దు. ఎండిపోయాక కూడా వాసన వదలని పువ్వు అది, కనుక తేమ భయం లేకుండా నూనెలో నానబెట్టడానికి అన్నిటికంటే అనువైనది.

పూర్ణా మార్కెట్‌లో పూలు కొనేటప్పుడు దండలు కాకుండా విడిపూలు అడగండి. మాలకట్టిన పువ్వుకు దారం తడి, చేతి వేడి తగిలి ఉంటాయి. మల్లె అయితే విచ్చుకున్నది వద్దు. ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గే కావాలి: బాగా బలిసి, తెల్లగా, తొడిమ దగ్గర కాస్త పచ్చదనం మిగిలి ఉన్నది. ఇంకా చిన్నగా, పూర్తిగా పచ్చగా ఉన్న మొగ్గ విచ్చుకోకుండానే వాడిపోతుంది.

అదే మార్కెట్ చుట్టుపక్కల పచారీ, మూలికల దుకాణాల్లో వట్టివేరు, తుంగముస్తలు, జటామాంసి, గంధకచ్చూరాలు, కస్తూరి బెండ గింజలు, దవనం, మరువం అడిగి చూడండి. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో మన్యం మిరియాలు, కాఫీ దొరుకుతాయి. ఈ సంస్థ 1956లో మొదలైంది, ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది.

కొనకూడనివి కూడా చెప్పాలి. ఎర్రచందనానికి సువాసన ఉండదు. అది రంగుకు, చెక్క పనికి విలువైనదే తప్ప పరిమళానికి పనికిరాదు. మనకు కావలసింది తెల్ల చందనం. అసలు కస్తూరి, పునుగు అంటూ ఎవరైనా అమ్మజూపితే దూరంగా ఉండండి. కస్తూరి మృగానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఆ మృదువైన జంతు వాసన కావాలంటే కస్తూరి బెండ గింజలు ఉండనే ఉన్నాయి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మట్టితో మట్టి అత్తరు చేయాలన్న ముచ్చట కొందరికి పుడుతుంది. అది కాపాడుకోవలసిన భౌగోళిక వారసత్వ స్థలం, అక్కడి నుంచి పిడికెడు కూడా తేవద్దు. కన్నౌజ్‌లో మట్టి అత్తరు చేసేది ఎలాగూ కాల్చిన మట్టితోనే. కొత్త కుండ పెంకులు తెచ్చుకుంటే చాలు.

కావలసిన సామాను

0.01 గ్రాము వరకు చూపించే చిన్న తూకం తప్పనిసరి. నగల తూకమని ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతుంది. చుక్కల లెక్క నమ్మదగినది కాదు. వట్టివేరు తైలం చిక్కగా ఉంటుంది, నారింజ తైలం నీళ్లలా జారుతుంది, రెండింటి చుక్కా ఒకే బరువు ఉండదు. దీనితోపాటు చిన్న గాజు బీకర్లు, గాజు డ్రాపర్లు, ముదురు గోధుమరంగు సీసాలు, మూత ఉన్న వెడల్పాటి గాజు పాత్ర, మందపాటి డ్రాయింగ్ కాగితం కత్తిరించిన సన్నని పట్టీలు, ఒక నోటుపుస్తకం. ప్లాస్టిక్ వాడకండి, తైలాలు దాన్ని కరిగిస్తాయి. గాజు సామానంతా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి వాడాలి.

మొదటి దశ: మల్లె వాసనను పట్టడం

మల్లెకు ఒక గొప్ప గుణం ఉంది. కోసిన తర్వాత కూడా చాలా గంటలపాటు అది వాసనను కొత్తగా తయారుచేస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం తెచ్చిన మొగ్గలు రాత్రి ఏడెనిమిది గంటలకు విచ్చుకుని గది నింపేస్తాయి. వేడి నీళ్లలో వేస్తే ఈ పని అక్కడే ఆగిపోతుంది, ఉడికిన ఆకు వాసన మిగులుతుంది. చల్లని కొవ్వు మీద పరిస్తే పువ్వు వదిలే ప్రతి ఊపిరినీ కొవ్వు పీల్చుకుంటుంది. ఫ్రాన్స్‌లోని గ్రాస్ పట్టణంలో మల్లె జాతి పూలకు వాడిన పద్ధతి ఇదే.

కొవ్వు తయారీ ఇలా. వాసన లేని రిఫైన్డ్ కొబ్బరినూనె 85 గ్రాములు, శుద్ధి చేసిన తెల్ల తేనెమైనం 15 గ్రాములు తీసుకోండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కనుక మన ఊళ్లో అది ఏడాదిలో ఎక్కువ రోజులు ద్రవంగానే ఉంటుంది. మైనం కలపడం అందుకే. మైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి, కాబట్టి వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె పెట్టి రెండింటినీ కరిగించి కలపండి. నేరుగా మంట మీద పెట్టవద్దు. వెడల్పాటి గాజు పాత్రలో అర సెంటీమీటరు మందాన పోసి చల్లారనివ్వండి. గట్టిపడ్డాక వేలితో నొక్కితే వెన్నముద్దలా కొంచెం లోపలికి దిగాలి. గట్టిగా ఉంటే మళ్లీ కరిగించి కాస్త నూనె చేర్చండి, జారుతుంటే మైనం చేర్చండి. పైన ఫోర్కుతో గీతలు గీస్తే పువ్వుకు తగిలే మేర పెరుగుతుంది.

ఇక పూల సంగతి. ఇక్కడ ఎక్కువమంది పని చెడగొట్టుకునేది తడి వల్ల. అమ్మేవాళ్లు పూలు వాడిపోకుండా గంట గంటకూ నీళ్లు చల్లుతారు. ఆ నీటి బొట్టు కొవ్వులోకి చేరితే వారంలో బూజు పడుతుంది. ఇంటికి తేగానే మొగ్గలను పొడి నూలు గుడ్డ మీద పలచగా పరిచి, ఫ్యాను తిన్నగా తగలకుండా గంటన్నర ఆరనివ్వండి. ఒక్కో మొగ్గ తొడిమను, దాని చుట్టూ ఉన్న పచ్చని రక్షక పత్రాలను గిల్లేయండి. ఆ పచ్చదనమే పసరు వాసనకు మూలం. చీకటి పడే వేళకు, మొగ్గలు నోరు తెరవడం మొదలెట్టగానే, ముఖం కిందికి ఉండేలా కొవ్వు మీద ఒకదాని పక్కన ఒకటి ఆనించండి. గుచ్చవద్దు. మూత పెట్టి, ఇంట్లో చల్లగా, చీకటిగా ఉండే చోట ఉంచండి.

మర్నాడు అదే వేళకు పట్టకారుతో పూలన్నీ తీసేయండి. అంచులు గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. అంతకంటే ఆలస్యమైతే కుళ్లు వాసన దిగుతుంది. కొవ్వు మీద తడి చెమ్మ కనిపిస్తే పొడి గుడ్డతో అద్ది తీసేసి కొత్త మొగ్గలు పెట్టండి. ఇలా పన్నెండు నుంచి పదిహేను మార్లు చేస్తే ఇంటి వాడకానికి సరిపడా బలం వస్తుంది. వృత్తిగా చేసినవారు సుమారు ముప్పై మార్లు పూలు మార్చేవారు. మొదటి మూడు నాలుగు రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది, కొవ్వుకు దాని సొంత వాసనే వస్తుంటుంది. ఆగకండి. వారం దాటాక మూత తీయగానే, పూలు తీసేసిన తర్వాత కూడా, మల్లె పలకరిస్తుంది.

ఈ కొవ్వు ఉన్నదున్నట్టు ఘన పరిమళంగా వాడుకోవచ్చు. చిన్న డబ్బాలోకి తీసుకుని మణికట్టుకు, చెవి వెనక రాసుకుంటే సరి. మే నెల ఎండలో బ్యాగులో పెట్టుకు తిరగాలంటే మాత్రం వేడినీళ్ల మీద మెల్లగా కరిగించి ఇంకొంచెం మైనం కలపాలి.

సంపెంగకు కూడా ఈ పద్ధతి పనిచేస్తుంది, గడువు మాత్రం తగ్గించాలి. సంపెంగ రేకు త్వరగా నల్లబడుతుంది, పన్నెండు గంటలకే తీసేయండి.

నువ్వులతో ఇంకో దారి

ద్రవంగా ఉండే పూల నూనె కావాలంటే మన నేల మీద పుట్టిన పద్ధతి ఒకటి ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పొట్టు తీసిన తెల్ల నువ్వులను, మొగ్గలను ఒక పొర తర్వాత ఒక పొరగా వెదురు తట్టలో పేర్చి గుడ్డ కప్పుతారు. రాత్రంతా పువ్వు వాసనను నువ్వు గింజ లాక్కుంటుంది. ఉదయం జల్లెడతో పూలను వేరుచేసి, నువ్వులను నీడలో ఆరబెట్టి, సాయంత్రం మళ్లీ కొత్త పూలతో పేరుస్తారు. వారం పది రోజుల తర్వాత ఆ నువ్వులను గానుగ ఆడిస్తే పూల వాసనతోనే నూనె దిగుతుంది. ఉత్తరాదిలో ఫులేల్ అని అమ్మేది ఇలా చేసిన నూనె.

చెక్క గానుగలు ఇప్పుడు విశాఖలో మళ్లీ వచ్చాయి కనుక ఇది చేయగలిగిన పనే. ఎన్ని కిలోలకు తక్కువైతే ఆడరో ముందే కనుక్కోండి. నూనె విడిపడటానికి కొన్ని చోట్ల బెల్లం వేస్తారు, వద్దని, కాస్త వేడినీళ్లు చల్లితే చాలని చెప్పండి. మీ నువ్వులకు ముందు వేరుశనగ ఆడి ఉంటే ఆ వాసన అంటుతుంది, కాబట్టి నువ్వులు ఆడిన తర్వాతి వంతు అడగండి. దిగిన నూనెను మూడు రోజులు కదపకుండా ఉంచి, పైన తేరుకున్నదాన్ని మాత్రమే వంచుకోండి.

అన్ని నువ్వులు పెట్టడం కుదరనివారు మందపాటి నూలు గుడ్డను వాసన లేని నువ్వుల నూనెలో తడిపి, పిండి, పళ్లెంలో పరిచి దాని మీద పూలు పేర్చవచ్చు. రోజూ పూలు మార్చి, చివర గుడ్డను గట్టిగా పిండితే పూల నూనె వస్తుంది. పరిమాణం తక్కువే అయినా మొదటిసారికి ఇది చాలు.

రెండో దశ: వేళ్లు, గింజలు, గట్టి సరుకు

వేళ్లకు, గింజలకు గోరువెచ్చని వేడి కావాలి. వట్టివేరును దుమ్ము పోయేలా కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కత్తెరతో వీలైనంత సన్నగా తరగండి. 20 గ్రాముల వేరుకు 100 గ్రాముల నూనె పోసి, నీళ్ల గిన్నెలో పెట్టి, నూనె 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండేలా మూడు నాలుగు గంటలు ఉంచండి. మూత పెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మళ్లీ అదే వేడి ఇవ్వండి. మూడో రోజు పలచని గుడ్డలో వడకట్టండి. కస్తూరి బెండ గింజలను కచ్చాపచ్చాగా దంచి ఇదే తీరున చేయవచ్చు. బరకగా దంచిన అరకు కాఫీ గింజలు ఇలా నానితే చందనం పక్కన అద్భుతంగా ఒదుగుతాయి. సాంబ్రాణితో మాత్రం ఇది కుదరదు, అది నూనెలో సరిగా కరగదు.

ఇలా చేసిన నూనె వాసన మృదువుగానే ఉంటుంది. వట్టివేరు తైలం చాలా గంటల బట్టీతోగాని దిగదు, దాని చిక్కదనం ఇంటి నూనెకు రాదు. అందుకే ఇంటి నూనెను కలిపే నూనెగా వాడుకుని, బలం కోసం కొన్న తైలాన్ని కొద్దిగా చేర్చాలి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా మన గాలిలో తేమ ఎక్కువ. ఆ నెలల్లో తాజా పూలను నూనెలో నేరుగా నానబెట్టే పని పెట్టుకోవద్దు. వానాకాలపు పువ్వుల్లో మొగలిని నీటితో పట్టుకోవచ్చు. లోతైన స్టీలు గిన్నె మధ్యలో చిన్న పీట పెట్టి, దాని మీద ఖాళీ గిన్నె ఉంచండి. చుట్టూ సన్నగా తరిగిన మొగలి రేకులు, అవి మునిగేటంత నీళ్లు వేయండి. పైన మూతను తిరగేసి పెట్టి దాని మీద ఐసు ముక్కలు పోయండి. సన్నని సెగ మీద ఆవిరి పైకి లేచి, చల్లని మూతకు తగిలి, మధ్య గిన్నెలోకి బొట్లు బొట్లుగా జారుతుంది. నలభై నిమిషాలకు ఆపేయండి, రేకు ఉడికిన వాసన మొదలవకముందే. ఈ పరిమళ జలాన్ని ఫ్రిజ్‌లో ఉంచి రెండు వారాల్లో వాడేయాలి. దీన్ని నూనె అత్తరులో కలపకూడదు, విడిగా చల్లుకోవడానికే.

మూడో దశ: తైలాలు కొనడం

సీసా మీద మొక్క శాస్త్రీయ నామం, బ్యాచ్ సంఖ్య, ఏ భాగం నుంచి తీశారన్న వివరం ఉండాలి. ఫ్రాగ్రెన్స్ ఆయిల్ అని రాసి ఉంటే అది కృత్రిమం. 10 మి.లీ. మల్లె తైలం రెండు మూడు వందలకు ఇస్తున్నారంటే అందులో మల్లె లేదనే అర్థం. చందనం విషయంలో ఇంకా జాగ్రత్త పడాలి. చేవ నుంచి తీసిన మేలైన చందన తైలంలో దాని వాసనకు మూలమైన శాంటలాల్స్ అనే పదార్థాలు 90 శాతం పైగా ఉంటాయి, అమ్మేవారిని పరీక్ష నివేదిక అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఇంటి దగ్గర చేసుకోదగ్గ చిన్న పరీక్ష: తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. నారింజ, నిమ్మగడ్డి వంటి తేలిక తైలం ఆరిపోయాక జిడ్డు మరక మిగిల్చిందంటే వంటనూనె కలిసినట్టే. చందనం, వట్టివేరు సహజంగానే నెమ్మదిగా ఆరతాయి కనుక వాటికి ఈ పరీక్ష చెల్లదు.

నాలుగో దశ: కలపడం

వాసనలు ఆవిరయ్యే వేగాన్ని బట్టి మూడు వరసలుగా చూసుకుంటే పని తేలిక. రాయగానే ముక్కుకు తగిలి పావుగంటలో సర్దుకునేది తొలి పరిమళం: నిమ్మగడ్డి, నారింజ, మిరియం. తర్వాత రెండు మూడు గంటలు సాగేది నడిమి పరిమళం: మల్లె, సంపెంగ, జెరేనియం. సాయంత్రం దాకా మిగిలేది నిలిచే పరిమళం: చందనం, వట్టివేరు, తుంగముస్తలు.

వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణంలో 16 ద్రవ్యాల నుంచి నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1820 కూర్పులు వస్తాయని లెక్కగట్టాడు. మొదటిసారే పదహారు సీసాలు పెట్టుకు కూర్చోకండి, ఏడు చాలు. మొత్తం 10 గ్రాములకు, అందులో తైలాలు 2 గ్రాములు వచ్చేలా ఒక కొలత:

చందన తైలం 0.80 గ్రా.
వట్టివేరు తైలం 0.20 గ్రా.
మల్లె అబ్సల్యూట్ (ద్రావకంతో తీసిన చిక్కని పూల సారం) 0.20 గ్రా.
జెరేనియం తైలం 0.20 గ్రా.
తీపి నారింజ తైలం 0.45 గ్రా.
మిరియాల తైలం 0.10 గ్రా.
నిమ్మగడ్డి తైలం 0.05 గ్రా.
మీరు చేసుకున్న పూల నూనె, లేదా జొజోబా నూనె 8.00 గ్రా.

నిమ్మగడ్డి 0.05 గ్రాము తూచడం కష్టం. ముందుగా దాని 1 గ్రాముకు 9 గ్రాముల నూనె కలిపి పెట్టుకోండి. ఆ మిశ్రమం 0.50 గ్రాము తీసుకుని, చివరి నూనెను 7.55 గ్రాములకు తగ్గిస్తే లెక్క సరిపోతుంది. ఈ తైలాన్ని పెంచాలన్న కోరిక కలుగుతుంది కానీ పెంచవద్దు. నిమ్మగడ్డి తైలంలో అధిక భాగం సిట్రాల్ అనే పదార్థం, ఎక్కువైతే చర్మం మండుతుంది.

కలిపే వరస ముఖ్యం. చందనం, వట్టివేరు ముందు కలిపి మూత పెట్టి ఒక రోజు వదిలేయండి. మర్నాడు కాగితం పట్టీ మీద వాసన చూడండి. ఈ రెండే బాగుండాలి. వట్టివేరు తడిమట్టిలా పైకి లేచి చందనాన్ని కప్పేస్తుంటే అప్పుడే సరిచేయండి, పూలు పడ్డాక కష్టం. తర్వాత మల్లె అబ్సల్యూట్ వేయండి. ఇది చిక్కగా ఉండి నూనెలో తొందరగా కలవదు, నూనె పోయకముందే ఇలా చందనంలో కలిపితే సులువు. ఆపైన జెరేనియం, ఆఖరున తేలిక తైలాలు. అన్నీ కుదిరాక నూనె పోయండి. ప్రతి అడుగూ బరువుతో సహా నోటుపుస్తకంలో రాయండి. బాగా వచ్చిన కూర్పు మళ్లీ చేయలేకపోవడం కంటే బాధ ఉండదు.

చందనం ఖరీదు భరించలేనివారు దాన్ని 0.30కి తగ్గించి, తుంగముస్తల తైలం 0.30, వట్టివేరు 0.40 వేసుకోవచ్చు. వాసన మారుతుంది, పొడిగా, కట్టె పొగ ఛాయతో వస్తుంది. మగవాళ్లకు ఎక్కువగా నచ్చేది ఇదేనని నా అభిప్రాయం. విశాఖ వేసవికి మరీ తియ్యని కూర్పు పనికిరాదు. తేమలో తీపి వాసన మెడకు చుట్టుకున్నట్టు ఉంటుంది, వట్టివేరు దానికి గాలి ఆడే చోటు ఇస్తుంది.

ముక్కు అలిసిపోతే మోచేతి మడతను వాసన చూసి రెండు నిమిషాలు బయటకు నడిచి రండి. ఒక్క కూర్చోవడంలో అరడజను వాసనలు దాటితే తీర్పు మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఐదో దశ: మాగబెట్టడం, పరీక్షించడం

కలిపిన సీసాను నిండుగా నింపి, బిగుతుగా మూత పెట్టి, బీరువాలో బట్టల మధ్య నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. పడమటి గోడకు ఆనుకున్న అలమారా వద్దు, మధ్యాహ్నం అది వేడెక్కుతుంది. కలిపిన రోజు ఘాటుగా, విడివిడిగా వినిపించే వాసనలు నెల తిరిగేసరికి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మొదటి వారంలో నచ్చలేదని పారబోయవద్దు.

తర్వాత చర్మ పరీక్ష. మోచేతి లోపలి వైపు ఒక చిన్న చుక్క రాసి 24 గంటలు గమనించండి. ఎర్రబడినా, దురద వచ్చినా వాడవద్దు. పచ్చి నిమ్మ తొక్క నుంచి పిండి తీసిన తైలం కలిపి ఉంటే, రాసుకున్న చోట ఎండ తగలనివ్వకూడదు. చర్మం కాలినట్టై నల్ల మచ్చలు పడతాయి. పై కొలతలో తీపి నారింజ ఎంచుకోవడానికి కారణం అది. పసిపిల్లలకు ఏ అత్తరూ రాయవద్దు, ముఖ్యంగా కర్పూరం ఉన్నది. గర్భిణులు వైద్యులను అడిగే వాడాలి.

పరీక్షను ఒకే చోట చేసి ఊరుకోకండి. మన ఊళ్లో మనిషి ఏసీ గదిలోంచి నేరుగా ఉప్పుగాలిలోకి నడుస్తాడు. మణికట్టుకు రాసుకుని పావుగంట తర్వాత ఒకసారి, ఇంటి లోపల రెండు గంటల తర్వాత ఒకసారి, సాయంత్రం బీచ్ రోడ్డులో ఒకసారి చూసి రాసుకోండి. లోపల బాగుండి బయట మాయమైతే పునాది చాలలేదని అర్థం, చందనమో తుంగముస్తో 0.10 గ్రాము పెంచి మళ్లీ చేయండి. బయట ఘాటై తలనొప్పి తెప్పిస్తే మల్లెను సగానికి తగ్గించండి. మల్లె అబ్సల్యూట్‌లో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. చిటికెడంత ఉంటే విచ్చుకున్న పువ్వు జీవకళ ఇస్తుంది, మితిమీరితే వాడిన పూల కుప్ప గుర్తొస్తుంది.

పట్టుబట్ట మీద, తెల్ల చొక్కా మీద నూనె అత్తరు రాయవద్దు, మరక పోదు. మణికట్టు, మెడ, మోకాలి వెనక రాసుకుంటే ఒంటి వేడికి తనంత తాను లేస్తుంది.

నిల్వ, అమ్మకం

నువ్వుల నూనెతో చేసిన అత్తరు ఎనిమిది నుంచి పది నెలలు బాగుంటుంది, కలిపేటప్పుడు ఒక చుక్క విటమిన్ ఇ నూనె చేరిస్తే చిక్కువాసన రావడం ఆలస్యమవుతుంది. జొజోబా నిజానికి ద్రవరూపంలో ఉన్న మైనం, కనుక అది అంత త్వరగా పాడుకాదు. పాత వేరుశనగ వాసన తగిలిందంటే ఆ సీసా పని అయిపోయినట్టే.

స్నేహితులకు ఇచ్చేటప్పుడు సీసా మీద తయారైన తేదీ, వాడిన తైలాల పేర్లు రాసి ఇవ్వండి, ఎవరికి ఏది పడదో మనకు తెలియదు. డబ్బుకు అమ్మాలనుకుంటే సంగతి వేరు. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం అమ్మకం కోసం సౌందర్య సాధనాలు తయారుచేయడానికి రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం నుంచి లైసెన్సు తీసుకోవాలి. తయారీ స్థలం, లేబులు మీద ఉండాల్సిన వివరాలు అన్నింటికీ నియమాలు ఉన్నాయి. ఇంటి వంటగదిలో చేసిన సీసాలను ఫోను ద్వారా ఆర్డర్లు తీసుకుని పంపే ముందు ఆ కార్యాలయానికి వెళ్లి అడిగి రండి.